అసర్ బాంగుదాకా ఆగని పిండి

కేకుల పని నేర్చుకునే పిల్లలు ఈ మధ్య నేనెక్కడ కనిపించినా ఒకటే అడుగుతున్నారు. తినే సోడాకూ బేకింగ్ పౌడర్‌కూ తేడా ఏంటి తాతా, రెండూ తెల్లగానే ఉంటాయి కదా, ఒకటి అయిపోతే రెండోది వేసుకోవచ్చు కదా అని. వేసి చూడండి అంటాను. పాడైతే ఆ కేకు పారేసి ఇంకోటి చేసుకుంటారు, మీకు పెద్దగా పోయేదేమీ లేదు. నేను పనిచేసిన ఒక చోట మాత్రం ఆ తేడా దగ్గర ఒక మనిషి బతుకు చిక్కుకుపోయింది. ఆ సంగతి చెబితే మీరడిగిన తేడా కూడా తెలిసిపోతుంది. కాస్త ఓపిక పట్టండి, నాకు సూటిగా చెప్పడం ఎప్పుడూ రాదు.

సౌదీలో హుఫూఫ్ అని ఒక పట్నం. చుట్టూ ఖర్జూర తోటలు. నేను అక్కడికి మొదట వెళ్లింది కట్టడం పనికి. ఎండలో ఇటుకలు మోసీ మోసీ నడుం పట్టేస్తే, ఒక రొట్టెల దుకాణంలో చోటు దొరికి పొయ్యి దగ్గరికి మారాను. వేడిలోంచి వేడిలోకే దూకావు కదరా అని మా జిల్లా వాళ్లు నవ్వేవారు. నిజమే, కానీ ఈ వేడికి నీడ ఉంది. దుకాణం వెనక కేకుల గదిలో నాకు పని నేర్పిన ఆయన కడప వైపు ముస్లిం. అందరం ఉస్తాద్ అనేవాళ్లం.

నేర్పాడు అన్నాను గానీ, ఆయన నోరు విప్పి ఒక్క ముక్క చెప్పింది లేదు. ఉస్తాద్ చేస్తాడు, పక్కనున్నవాడు కళ్లతో పట్టుకోవాలి. అది ఆ పనిలో పాత పద్ధతి. ఆయన కూడా చిన్నప్పుడు ఎవరో ఉస్తాద్ దగ్గర మొట్టికాయలు తింటూ అలాగే నేర్చుకున్నాడు. ఏది ఎంత వేయాలో అడిగితే, "కండ్లు లేవాప్పా నీకు?" అనేవాడు. కళ్లు ఉన్నాయి, అందుకే ఎంత వేయాలో నేర్చుకున్నాను. ఎందుకు వేయాలో మాత్రం నాకు చాలా ఏళ్లు తెలియలేదు.

ఇక అప్పటి కాలం గురించి చెప్పాలి. సర్కారు వాళ్లు నితాకాత్ అని పెట్టి దుకాణాలకు రంగులు కట్టారు. సౌదీవాళ్లు పనిలో సరిపడా ఉంటే పచ్చ రంగు, లేకపోతే ఎరుపు. ఎరుపులో పడ్డ దుకాణంలో మా బోటివాళ్లకు ఇకామా కొత్తది రాదు. ఇకామా అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు. జేబులో అది లేనివాడు రోడ్డు మీద ఉన్నా లేనట్టే. దీనికి తోడు బయటి దేశం వాళ్ల తల తలకీ యజమాని కట్టాల్సిన పన్ను ఏటేటా పెరుగుతూ వచ్చింది. మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి తెప్పించుకున్న యజమాని, ముసలాయన, దేవుడంటే భయమున్న మనిషి. లెక్కలన్నీ కొడుకుకు వదిలేశాడు. ఆ కొడుకును మేము ముదీర్ అనేవాళ్లం, అంటే మేనేజర్.

మా దుకాణం ఎరుపులో పడి ఉన్నప్పుడే ఉస్తాద్ ఇకామా గడువు అయిపోయింది. అది లేకపోతే పోలీసులు పట్టుకుని, వేలిముద్రలు తీసుకుని, మళ్లీ రాకుండా పంపేస్తారు. తనంతట తాను ఇంటికి వెళ్దామన్నా కుదరదు, దేశం దాటే వీసా కొట్టాలంటే ఇకామా చెల్లుబాటులో ఉండాలి. ఆ మనిషి ఉండనూ లేడు, పోనూ లేడు. దుకాణం పైన గది, కింద పొయ్యి, పక్క సందులో మసీదు. అంతకు మించి ఆయన కాలు కదిపింది లేదు. ఊళ్లో కూతురికి కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడు బోర్లా పడటం, పాకడం, గోడ పట్టుకుని నిలబడటం అన్నీ ఫోనులోనే చూశాడు.

దుకాణం పచ్చలోకి రావాలంటే ఒక సౌదీ మనిషి కొన్నాళ్లు పనిలో నిలవాలి. అంతకు ముందు ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్లు వచ్చారు. కౌంటర్ దగ్గర కూర్చుని ఫోను చూసుకుని, నెల తిరగకుండానే మాయమయ్యారు. చివరికి కఫీల్ తనకు తెలిసిన ఒకామెను పిలిపించాడు. నడివయసు దాటిన ఆడమనిషి. ఇంట్లో ఖర్జూరం కేకులు చేసి వాడలో అమ్ముకునేది. ముదీర్ ఆమెకు ముందు కౌంటర్ దగ్గర, ఏసీ కింద కుర్చీ చూపించాడట. ఆమె కూర్చోలేదు.

"మీ నాన్న నన్ను కేకులు చేయడానికి పిలిచాడు. కుర్చీ మా ఇంట్లోనూ ఉంది" అన్నదట.

మా గదిలోనే ఒక పక్కన తెర కట్టి ఆమెకు బల్ల వేశారు. మేము ఖాలా అని పిలిచాం, పిన్ని అన్నట్టు. ఉస్తాద్ ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనూ ఆ పిలుపే కాబట్టి ఆయన నోటికి సులువుగా వచ్చింది. మనసుకు మాత్రం సులువుగా రాలేదు.

ఖాలా కేకు తీరు వేరు. ఆ ఊరి ఖలాస్ రకం ఖర్జూరాన్ని ఉడికించి మెత్తగా నలిపి, లబన్ పోసి, అంటే మన మజ్జిగే కాస్త చిక్కగా, యాలకులు వేసి, తినే సోడా కలిపేది. ఉస్తాద్ కేకు గుడ్లూ వెన్నా చక్కెరా, తెల్లది, బేకింగ్ పౌడర్‌తో చేసేది. ఖాలా పొద్దున చేసిన కేకు నల్లటి బెల్లం రంగులో పొంగి, వాసనకే జనం కౌంటర్ దగ్గర ఆగేవారు. మధ్యాహ్నం దాటాక చేసినది మాత్రం కూలబడేది. పైన గుంట, లోపల బంక. అదే ఖర్జూరం, అదే లబన్, అదే చెయ్యి. అదే పొయ్యిలో, అదే సమయానికి పెట్టిన ఉస్తాద్ కేకు పక్కనే హాయిగా పొంగి కూర్చునేది.

ఆమె ఖర్జూరం మార్చింది, గుడ్లు మార్చింది, ఇంటి నుంచి సొంత పిండి తెచ్చింది. దిష్టి పోవాలని ఏదో చదివి గిన్నె మీద ఊదేది. అయినా సాయంత్రం కేకు కూలేది. ఇక ఆమె చూపు ఉస్తాద్ మీద పడింది.

మా కఫీల్ పెట్టిన ఒక కట్టడి ఉంది. నమాజుకు పిలిచే బాంగు వినబడితే ఎక్కడి చెయ్యి అక్కడ ఆగిపోవాలి. బయట షట్టర్ దించినట్టే లోపల కూడా పొయ్యి తలుపు తెరవకూడదు, కొత్తగా ఏదీ పెట్టకూడదు. మగవాళ్లు మసీదుకు వెళ్లేవారు, ఖాలా తెర వెనక నమాజు చేసుకునేది, నేను వెనక మెట్ల మీద కూర్చునేవాణ్ణి. అందరూ తిరిగి వచ్చాకే పని. అలా వదిలి వెళ్లిన తన గిన్నెకు ఖాలా ఒకరోజు గుడ్డ కప్పి, చుట్టూ తాడు బిగించి ముడి వేసింది. తిరిగొచ్చి ముడి ఎలా ఉందో వంగి చూసుకుంది. అలాగే ఉంది. కేకు కూడా అలాగే కూలింది.

తెర ఇవతలికి వచ్చి నన్ను అరబ్బీలో అడిగింది. "మీ ఉస్తాద్ నా గిన్నె దగ్గరికి వస్తున్నాడా?"

"లేదు ఖాలా. దేవుడి మీద ఒట్టు. ఆయన మసీదులో ఉంటాడు కదా."

"అయితే ఆయనది ఎందుకు పొంగుతుంది? నాదెందుకు చస్తుంది?"

ఉస్తాద్ తల వంచుకుని గుడ్లు పగలగొడుతున్నాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. ఒక గుడ్డు పెంకు గిన్నెలో పడితే వేలు పెట్టి తీసుకున్నాడు.

ఇలా ఉండగా ఒక పెద్దింటి ఆడవాళ్ల విందుకు ఖాలా ఖర్జూరం కేకులే కావాలని అడిగారు. చాలా తట్టలు. ముదీర్ మురిసిపోయి ఒప్పుకున్నాడు, సాయంత్రానికి ఇస్తానన్నాడు. ఆ పొద్దున ఖాలా నన్ను పక్కకు పిలిచింది. ముఖం మీద ముసుగు, కళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్లల్లో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది.

"ఈరోజు కూడా కూలితే నేను ఇక రాను. వెళ్లే ముందు, నా గిన్నెలో ఎవరో చెయ్యి పెడుతున్నారని ముదీర్‌కు చెప్పి వెళ్తాను. వాళ్లు విచారించుకుంటారు."

విచారణ పోలీసుల దాకా పోతే ముందు ఉస్తాద్‌నే పిలుస్తారు. పిలిస్తే ఇకామా చూపించమంటారు. అది కాకపోయినా ఆమె వెళ్లిపోతే దుకాణం ఎరుపులోనే ఉండిపోతుంది, ఆయన కార్డు ఇక రాదు. ఏ వైపు నుంచి చూసినా గొయ్యే.

భోజనాల వేళ మైదా బస్తాల వెనక ఉస్తాద్‌ను పట్టుకున్నాను.

"ఉస్తాద్, ఆమె గిట్లంటున్నది. నువ్వేమన్న జేస్తున్నవా? నాకు నిజం జెప్పు."

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "యాభై ఏండ్లు దాటినోణ్ణి, ఆడమనిషి గిన్నెలో చెయ్యి పెడతానా? నేనేం ముట్టుకోలేదప్పా."

"మరి ఎందుకు గూలుతున్నది?"

బస్తా మీద పడ్డ పిండి చేత్తో తుడిచాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆయమ్మ బాంగుకు ముందు సోడా కలుపుతాండాది. నమాజు అయినాంక పొయ్యిలో పెడతాండాది. సోడా అంతసేపు ఆగదు. పులుపు తగలంగానే పొంగి, ఆడికాడికే సల్లారిపోతాది. ఇంట్లో అయితే కలిపిన ఎంబడే పెట్టేస్తాది, అందుకే ఆడ బాగ వచ్చేది. పొద్దున కూడా అంతే, మధ్యలో బాంగు ల్యా."

నేను నోరు తెరిచాను. "నీకు తెల్సా? ఇన్ని దినాలు తెల్సే ఊకున్నవా?"

"తెలీకేంది."

"జర జెప్పరాదు ఉస్తాద్! ఆమె పోతే నీ ఇకామా గూడ పాయె గద!"

"చెప్తే?" అన్నాడు. "చెప్తే ఆయమ్మ కేకు పొంగుతాది. ఆయమ్మకు పన్ను ల్యా, ఇకామా ల్యా, మెడికల్ ల్యా. పనంతా వచ్చినాంక ఈ ముసిలోనికి పన్ను కట్టి యెవురు పెట్టుకుంటారు? పోతే ఒక పోవడం, ఉంటే ఒక పోవడం. నాకేం దోవ చూపిస్తావో నువ్వే చెప్పు."

నా దగ్గర దారి ఏముంది. ఆమె వెళ్లిపోయినా ప్రమాదమే, ఆమెకు పని వచ్చినా ప్రమాదమే. నితాకాత్ గురించి పెద్దవాళ్లు పేపర్లలో ఏమేమో రాశారు. నాకు అర్థమైన నితాకాత్ అంతా ఆ మైదా బస్తాల వెనక ఆ ముసలాయన అన్న మాటలే. ఆయన మీద కోపం వచ్చింది, జాలి వేసింది, రెండూ ఒకేసారి.

"నువ్వు చెప్పినావంటే నా నోట్లో మన్ను కొట్టినట్టే" అని వెళ్లిపోయాడు.

ఉస్తాద్ మాట దాటే ధైర్యం నాకు లేదు. కానీ ఊరికే ఉండటానికి కూడా మనసొప్పలేదు. అప్పుడొక తెలివైన ఉపాయం తోచింది, అంటే నాకు తెలివైనదిగా తోచింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఖాలా పని తొందరపెట్టి, బాంగుకు ముందే ఆ తట్టలు పొయ్యిలోకి తోసేస్తే సరిపోతుంది కదా. ఆమె ఖర్జూరం ఉడికిస్తుంటే గింజలు నేను తీసిపెట్టాను. తట్టలకు నూనె రాసిపెట్టాను. పొయ్యి ముందే కాల్చిపెట్టాను. ఉడికిన ఖర్జూరం చల్లారితేనే గాని గుడ్లు కలపకూడదు, గుడ్లు ఉడికిపోతాయి. ఫ్యాను తెచ్చి దానికి ఎదురుగా పెట్టాను.

"ఏమైంది నీకు? పెళ్లి నీదా?" అంది ఖాలా.

"పొయ్యి ఖాళీగా ఉంది ఖాలా, కానివ్వండి, కానివ్వండి."

ఆమెకు నా తొందర కూడా అనుమానంగానే తోచింది. ఖర్జూరాన్ని వేలితో ముట్టి చూసి, ఇంకా వేడిగా ఉందని పక్కన పెట్టింది. నాకు గడియారం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. చలికాలం, మధ్యాహ్నపు జొహర్ నమాజుకూ దాని తర్వాతి అసర్ నమాజుకూ మధ్య ఎడం తక్కువ. ఉస్తాద్ తన బల్ల దగ్గర నిలబడి ఏ పనీ చేయకుండా మమ్మల్ని చూస్తున్నాడు. నన్నాపడం లేదు, సాయమూ రావడం లేదు.

చివరికి ఆమె గుడ్లు కొట్టింది, పిండి జల్లించింది, లబన్ పోసింది. సోడా వేసి గరిట తిప్పగానే గిన్నెలో నురగ లేచి బుస్సుమన్నది. తట్ట తీసుకుని నేను ముందుకు వెళ్లాను. సరిగ్గా అప్పుడే సందులోని మసీదు నుంచి బాంగు మొదలైంది.

ఆమె గరిట వదిలేసింది. గుడ్డ కప్పింది, తాడు చుట్టింది, ముడి వేసింది. నేను తట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఉస్తాద్ చేతులు కడుక్కుని నా పక్క నుంచి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఆ ముడి వైపు ఒకసారి చూశాడు.

వెనక మెట్ల మీద కూర్చున్నాను గానీ కుదురు లేదు. గుడ్డ కింద ఆ నురగ ఒక్కొక్క బుడగా పగిలి పోతుండటం నాకు వినబడుతున్నట్టే ఉంది. ఇక కాసేపట్లో ఆమె తెర తీస్తుంది, పోస్తుంది, కూలుతుంది, ముదీర్‌ను పిలుస్తుంది. ఉస్తాద్‌ను జీపు ఎక్కిస్తుంటే నేను ఎక్కడ నిలబడాలి అని కూడా ఆలోచించాను. భయం వేస్తే మనిషికి ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

నమాజు ముగిసింది. ఖాలా ముడి విప్పి గుడ్డ తీసింది. పిండి చదునుగా, జిగటగా పడి ఉంది. ఏమీ మాట్లాడకుండా గిన్నె ఎత్తి తట్టలో పోయబోయింది. అప్పుడే ఉస్తాద్ మసీదు నుంచి వచ్చాడు. చొక్కా చేతులు ఇంకా పైకి మడిచే ఉన్నాయి. నేరుగా తెర దగ్గరికి నడిచి, ఇవతలే నిలబడి అరబ్బీలో అన్నాడు.

"ఖాలా, ఆగండి. ఆ పిండి పొయ్యిలో పెట్టకండి. చచ్చిపోయింది అది."

ఆమె గిన్నె దించింది. "నీకెలా తెలుసు? ఏం కలిపావు దీంట్లో?"

"నేనేమీ కలపలేదు. కలపాల్సింది ఉంది. మీరు ఒప్పుకుంటే." పై అరలోంచి బేకింగ్ పౌడర్ డబ్బా దించి పట్టుకున్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఎవరి మీదైతే అనుమానమో, ఆ మనిషే తెల్లటి పొడి డబ్బాతో వచ్చి నీ గిన్నెలో వేస్తానంటున్నాడు. ఆమె గిన్నెను తన వైపు లాక్కుంది. "ముదీర్‌ను పిలువు" అని నాతో అంది. ఆ గొంతు వింటే వెళ్లక తప్పేలా లేదు. నేను కదల్లేదు.

"పిలుద్దురు గాని. ముందు ఇది చూడండి" అన్నాడు ఉస్తాద్.

టీ గ్లాసులు రెండు తెర సందులోంచి ఆమెకు కనిపించేలా ఇవతల బల్ల మీద పెట్టాడు. ఒక దాంట్లో సోడా వేసి లబన్ పోశాడు. బుస్సున నురగ లేచి గ్లాసు దాటి కారింది. "చూస్తున్నారు కదా." కాసేపు ఆగాడు. నురగ దిగిపోయింది. చెంచా పెట్టి తిప్పాడు, ఏమీ లేవలేదు. పొయ్యి మీది కెటిల్ నుంచి వేడి నీళ్లు పోశాడు. అప్పుడూ ఏమీ లేవలేదు. "సోడాకు ఒకటే లేవడం. పులుపు తగలగానే లేస్తుంది, దిగిందంటే దిగినట్టే. మీరు దాన్ని లేపి నమాజుకు వెళ్తున్నారు."

రెండో గ్లాసులో పౌడర్ వేసి చన్నీళ్లు పోశాడు. కాస్త చిటపటలాడి ఊరుకుంది. "దీంట్లో సోడా ఉంది, దానికి కావాల్సిన పులుపు కూడా పొడి చేసి ఇందులోనే కలిపారు. తడి తగిలితే కొంచెమే లేస్తుంది. మిగతాది దాచుకుంటుంది." అది పూర్తిగా ఊరుకునేదాకా ఆగి, కెటిల్ వంచాడు. వేడి నీళ్లు తగలగానే గ్లాసు నిండా బుడగలు పైకి వచ్చాయి. "వేడి తగిలితే ఇలా లేస్తుంది. నా కేకు నమాజు దాకా ఆగేది అందుకే. నా చేతి గొప్ప కాదు."

ఇన్నేళ్లు పక్కనే ఉన్న నాకు ఒక్కసారి కూడా చెప్పని సంగతి అది. బల్ల మీద రెండు గ్లాసులు, తెర అవతల ఆమె, ఇవతల మేమిద్దరం. బయట ముదీర్ షట్టర్ ఎత్తుతున్న చప్పుడు వినబడుతోంది.

"ఇది నీకు మొదటి నుంచీ తెలుసా?" అంది ఖాలా.

"తెలుసు."

"చూస్తూ ఊరుకున్నావా? నేను పిండి మార్చుకుంటూ, గిన్నెకు తాళ్లు కట్టుకుంటూ ఉంటే?"

"ఊరుకున్నాను." ఆయన చేతిలోని చెంచా బల్ల మీద పెట్టాడు. "నాకు ఇకామా లేదు ఖాలా. గడువైపోయి చాలా నెలలైంది. మీకు పనంతా వస్తే వీళ్లకు నేనెందుకు? ఆ భయంతో ఊరుకున్నాను. నమాజులో నిలబడితే నోట మాట రాలేదు. అందుకే వచ్చి చెప్తున్నాను."

ఆయనకు ఇకామా లేదని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మాలో ఎవరం చెప్పలేదు, చెప్పుకునే సంగతి కాదు కదా. చెబితే ఆమె ఒక్క ఫోను చేసినా చాలు. ఆమె ముసుగులోంచి ఆయన్ను చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"డబ్బా ఇటివ్వు. ఎంత వేయాలి?"

వేసింది ఆమే. ఉస్తాద్ చెబుతున్నాడు. పిడికెడు పిండితో కలిపి జల్లించండి, గడ్డలు కట్టనివ్వకండి, ఎక్కువ తిప్పకండి. ఉన్న సోడాను తీసేయాల్సిన పని లేదట. లబన్ పులుపునూ ఖర్జూరం పులుపునూ విరిచేది అదే, ఆ నల్లటి రంగు తెచ్చేదీ అదే. పౌడర్ ఒక్కటే వేస్తే కేకు పాలిపోయి పుల్లగా ఉంటుంది. పిల్లలూ, మీరడిగిన ప్రశ్నకు జవాబు అదే. ఒకటి లేకపోతే రెండోది సరిపోదు, దేని పని దానిది.

తట్టలు పొయ్యిలో పెట్టి ముగ్గురం అద్దం ముందు నిలబడ్డాం. తెర ఎప్పుడు పక్కకు జరిగిందో ఎవరం గమనించలేదు. మొదట చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అంచుల్లో చిన్న కదలిక. ఆ పైన నడిమధ్య కూడా మెల్లగా లేచి, పగుళ్లు తీసి, గుండ్రంగా నిలబడింది. ఖాలా "అల్హమ్దులిల్లా" అంది. ఉస్తాద్ అద్దానికి నుదురు ఆనించబోయి, కాలి వెనక్కి దూకాడు. నవ్వాలనిపించింది గాని నవ్వలేదు.

ముదీర్ వాసన పట్టుకుని లోపలికి వచ్చాడు. బల్ల మీద వరసగా పెట్టిన కేకులు చూసి కళ్లు విప్పార్చాడు.

"ఎవరు చేశారు ఇవన్నీ?"

"ఖాలా" అన్నాడు ఉస్తాద్.

"నువ్వు చెయ్యి వేయలేదా?"

"లేదు. అంతా ఆమే చేసింది."

ముదీర్ ఆయన భుజం మీద కొట్టి నవ్వాడు. "అయితే ఇక నువ్వెందుకు మాకు?"

ఆ మాట సరదాగానే అన్నాడు. కానీ సరదా మాటలే ఎప్పుడో ఒకరోజు నిజమవుతాయని గది అంతటికీ తెలుసు. ఉస్తాద్ తువాలుతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. అవి తడిగా లేవు.

"ఈయన ఇకామా ఎప్పుడొస్తుంది?" ఖాలా అడిగింది.

ముదీర్ నవ్వు ఆగింది. "రంగు మారనివ్వండి, చూద్దాం. వయసులో ఉన్నవాళ్లవి ముందు చేయించాలి కదా."

"ముందు ఈయనది చేయించు."

"ఖాలా, అవి దుకాణం వ్యవహారాలు. మీకెందుకు?"

"నన్ను తెచ్చుకుంది దేనికో నాకు తెలియదా? నా కేకు కోసమా? మీ రంగు కోసం. ఆ రంగు నేను రోజూ ఇక్కడికి వస్తేనే కదా. ఈయన ఇకామా రాకపోతే నేనూ రాను. నాకు పని నేర్పుతున్న మనిషిని పంపేసి, నన్నిక్కడ కూర్చోబెడతావా? మీ నాన్నతో నేను మాట్లాడనా, నువ్వు మాట్లాడతావా?"

ముదీర్ చెడ్డవాడేమీ కాదు, పన్నులు ఆయన నడుమూ విరుస్తున్నాయి. తల ఊపి కేకులు పెట్టెల్లోకి ఎత్తించాడు. నాకు అక్కడే ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. అక్కడ అలా మొక్కకూడదు కాబట్టి తట్టలు కడిగాను.

అక్కడితో అయిపోయిందనుకునేరు. రంగు మారడానికి ఇంకా రోజులు పట్టింది. ఆ రోజులే కష్టమైనవి. ముదీర్ మాట నిలుపుకుంటాడో లేదో తెలియదు. ఈలోగా తనిఖీ బండి మా సందులోకి రెండుసార్లు వచ్చింది, ఉస్తాద్ పై గదిలో చీకట్లో కూర్చున్నాడు. ఖాలా రోజూ పొద్దున రాగానే, చేతులకు తొడుగులు వేసుకోక ముందే, "వచ్చిందా?" అని ముదీర్‌ను అడిగేది. లేదంటే ఆరోజు కేకు మొదలుపెట్టడానికి ఆలస్యం చేసేది. ఉస్తాద్ మాత్రం ఆమెకు పని చెబుతూనే ఉన్నాడు, నోటితో, బిగ్గరగా. అంత మాటకారి అని నాకు తెలియనే తెలియదు. నాకు ఏళ్లపాటు కళ్లతో పట్టుకోమన్నవన్నీ ఆమెకు కూర్చోబెట్టి చెప్పాడు. పక్కన నిలబడి నేనూ విన్నాను, కాస్త కుళ్లుకుంటూనే.

దుకాణం పచ్చలోకి వచ్చింది. ఒకరోజు ముదీర్ వచ్చి, మాట్లాడకుండా, బల్ల మీద కార్డు పెట్టి వెళ్లాడు. ఉస్తాద్ పిండి చేతులతో దాన్ని ముట్టుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి తీసుకున్నాడు.

ఆ శుక్రవారం జుమా నమాజు కాగానే, బజారుకు పోదాం రమ్మన్నాడు. అన్ని నెలల తర్వాత ఆయన మా సందు దాటడం అదే. పెద్ద రోడ్డు మూల మీద పోలీసు బండి ఆగి ఉంది. నా కాలు అలవాటుగా తడబడింది. ఉస్తాద్ మాత్రం జేబు మీద చెయ్యి పెట్టుకుని, ఆ బండికి బాగా దగ్గరగా, మెల్లగా నడిచాడు. ఎవరూ ఆపలేదు. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి, మళ్లీ దాని ముందు నుంచే నడిచాడు. అప్పుడూ ఆపలేదు. ఇక లాభం లేదని ఆయనే కిటికీ దగ్గరికి వెళ్లి సలాం చెప్పి, పాత బజారుకు దారి ఎటని అడిగాడు. ఎన్నో ఏళ్లుగా తిరిగిన బజారది. లోపలున్న కుర్ర పోలీసు ఫోనులోంచి తలెత్తకుండా చేత్తో అటు చూపించాడు. ఉస్తాద్ ఇకామా తీసి చేతిలో పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాడు. పోలీసు దాన్ని చూడలేదు, పో పో అని చెయ్యి విసిరాడు.

నా దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆ పెద్దమనిషి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అడగలేదప్పా" అన్నాడు. "ఇన్ని నెల్లు యెవురికి బయపడి లోపల కూర్చున్యానో, వాళ్లకు నేను కనపడనే లేదప్పా."

ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.